మైక్రోవేవ్ ఓవెన్: భయపడాల్సింది దేనికి, అక్కర్లేనిది దేనికి

రాజమండ్రిలో మా పెద్దమ్మ ఓవెన్ వాడే పద్ధతి ఒకటుంది. గిన్నె లోపల పెట్టి, తలుపేసి, బటన్ నొక్కి, ఇంక అక్కడ ఒక్క క్షణం నిలబడదు, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గబగబా హాల్లోకి వచ్చేస్తుంది. "రేడియేషన్ రా నాన్నా, దగ్గర ఉండకూడదంట" అంటుంది. టింగ్ మన్నాక కూడా ఓ నిమిషం ఆగి వెళ్తుంది, లోపలున్నదంతా పోవాలి కదా అని. సరే, జాగ్రత్త మంచిదే. కానీ మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తే లోపల పెట్టింది గిన్నె కాదు, ముందురోజు రాత్రి హోటల్ నుంచి బిర్యానీ వచ్చిన పల్చటి నల్ల ప్లాస్టిక్ డబ్బా, ఆ బిర్యానీ కూడా రాత్రంతా డైనింగ్ టేబుల్ మీదే ఉంది, ఫ్రిజ్‌లో చోటు లేదని బయటే వదిలేశారు, ఇక ఓవెన్ ప్లగ్ ఎక్కడుందా అని చూస్తే ఫ్రిజ్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఉంది. నిజంగా పారిపోవాల్సినవి మూడూ అక్కడే ఉన్నాయి, ఆవిడ మాత్రం అక్కర్లేని నాలుగోదాన్ని చూసి పారిపోతోంది. పెద్దమ్మననడం ఎందుకులెండి, మా ఆఫీసు ప్యాంట్రీలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా ఇదే చేస్తారు.

ముందు ఆ రేడియేషన్ సంగతి తేల్చేద్దాం. ఈ మాట వినగానే మనకి ఎక్స్‌రే, అణుబాంబు గుర్తొస్తాయి, అక్కడే వస్తుంది చిక్కంతా. రేడియేషన్ అంటే శక్తి తరంగాలుగానో రేణువులుగానో ప్రయాణం చేయడం, అంతే, పొద్దున్న ఎండ రేడియేషనే, టీవీ రిమోట్ లోంచి వచ్చేదీ రేడియేషనే. ప్రమాదం ఎక్కడ మొదలవుతుందంటే ఆ తరంగం మోసుకొచ్చే శక్తి రేణువుల్లో (వీటినే ఫోటాన్లు అంటారు) ఒక్కోదానికి మన ఒంట్లోని అణువుల్ని విరిచేంత సత్తా ఉన్నప్పుడు. ఎక్స్‌రేకి ఆ సత్తా ఉంది. ఓవెన్ వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలకి దాని దరిదాపుల్లో కూడా లేదు. మీ వంటింట్లో వెలిగే బల్బు వెలుగులో ఒక్కో రేణువుకున్న శక్తి దీనికంటే సుమారు రెండు లక్షల రెట్లు ఎక్కువ. మరి బల్బుకి భయపడంగా! మైక్రోవేవ్ చేయగలిగింది ఒక్కటే, వేడెక్కించడం. అది మాత్రం బాగానే చేస్తుంది, మీ చెయ్యి లోపల పెడితే చెయ్యి కూడా ఉడుకుతుంది, అందుకే ఆ తరంగాల్ని ఓవెన్ డబ్బాలోనే బంధించాలి.

ఆ బందోబస్తు ఎలా ఉంటుందంటే, ఓవెన్ అద్దం తలుపులో చిన్న చిన్న చిల్లుల జల్లెడ కనిపిస్తుంది కదా, అందం కోసం కాదది. లోపలి తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు, జల్లెడ చిల్లు ఒకట్రెండు మిల్లీమీటర్లు. వెలుగు తరంగం చాలా చిన్నది కాబట్టి చిల్లులోంచి బయటికొచ్చి మనకి కూర తిరగడం కనిపిస్తుంది, మైక్రోవేవ్ మాత్రం గోడకి కొట్టిన బంతిలా వెనక్కి పోతుంది. తలుపు దగ్గర ఒకటి కాదు రెండుమూడు స్విచ్‌లు ఉంటాయి, తలుపు తెరవగానే కరెంటు తెగి మాగ్నెట్రాన్ ఆగిపోతుంది. ఆ తరంగాల్ని పుట్టించే భాగం పేరు మాగ్నెట్రాన్, ఇప్పటి రకాన్ని 1940లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళు రాడార్ కోసం కనిపెట్టారు. అది ఆగాక లోపల రేడియేషన్ మిగిలి ఉండదు, లైటు ఆపాక గదిలో వెలుగు నిల్వ ఉండదు కదా, ఇదీ అంతే. కూరలోకి ఎక్కి కూర్చునేదీ ఏం లేదు. టింగ్ మన్నాక పెద్దమ్మ ఆగే ఆ నిమిషం ఉత్తదే, అంటే దానివల్ల వేరే లాభం ఒకటుంది, అది తర్వాత చెప్తా.

కొద్దిగా లీక్ అవుతుందా అంటే అవుతుంది, దానికి హద్దు పెట్టారు. అమెరికాలో రూల్ ఏంటంటే ఓవెన్ జీవితకాలం మొత్తంలో ఎప్పుడు కొలిచినా, తలుపుకి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు దాటకూడదు, కొత్తది షాపుకి వచ్చేముందైతే 1 మిల్లీవాట్. మనిషికి హాని కలిగే స్థాయికి ఇది చాలా కింద ఉంటుంది, పైగా దూరం జరిగేకొద్దీ దబ్బున పడిపోతుంది, 50 సెంటీమీటర్లు జరిగితే సుమారు నూరో వంతు. కాబట్టి గదిలోంచి పారిపోనక్కర్లేదు, గాజుకి ముక్కు ఆనించి చూడకుండా ఉంటే చాలు. గర్భంతో ఉన్నవాళ్ళకీ ఇదే లెక్క. చూసుకోవాల్సింది తలుపునే. వంగిందా, కీలు వదులైందా, అంచుల్లో జిడ్డు పేరుకుని సరిగ్గా మూసుకోవట్లేదా, అద్దం పగిలిందా, ఇలాంటివి ఉంటే మాత్రం వాడకండి. తలుపుకి టవల్ తగిలించడం, పిల్లలు పట్టుకుని వేలాడ్డం కూడా వద్దు.

ఒక సరదా సంగతి. ఆస్ట్రేలియాలో పార్క్స్ అని పెద్ద రేడియో టెలిస్కోప్ ఉంది. 1998 నుంచి దానికి అప్పుడప్పుడూ వింత సిగ్నల్స్ వచ్చేవి, ఎక్కణ్ణించో అర్థం కాలేదు ఏళ్ళ తరబడి. 2015లో తేలింది ఏంటంటే, అక్కడి స్టాఫ్ వంటగదిలో ఎవరో ఓవెన్ టైమ్ అయ్యేదాకా ఆగకుండా మధ్యలో తలుపు లాగినప్పుడల్లా, మాగ్నెట్రాన్ చల్లారే ఆ లిప్తపాటులో తప్పించుకున్న తరంగం అది. ఆకలాగని సైంటిస్టులు. ఆ టెలిస్కోప్ అంటే కోట్ల కోట్ల కిలోమీటర్ల అవతలి గుసగుస వినేది కాబట్టి దానికి తెలిసింది, మనకేం కాదు, కానీ తెరిచే ముందు స్టాప్ నొక్కడం పద్ధతి. ఇక జపాన్ మైక్రోవేవ్‌లన్నిటినీ 2020 కల్లా బ్యాన్ చేస్తోంది అని ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరిగిన మెసేజ్ గుర్తుందా, అది ఒక రష్యన్ వెటకారపు వెబ్‌సైట్ జోకుగా రాసింది. జపాన్‌లో ఇప్పటికీ ఇంటింటా ఉన్నాయి ఓవెన్లు.

ఇప్పుడు అసలు సంగతి, వేడి. ఓవెన్ లోపలినుంచి బయటికి ఉడికిస్తుంది అని ఎవరు పుట్టించారో తెలీదుగానీ అది తప్పు. తరంగాలు పదార్థంలోకి పైనుంచి రెండుమూడు సెంటీమీటర్ల వరకే గట్టిగా దూరతాయి, అక్కడ నీటి అణువుల్ని సెకనుకి కొన్ని వందల కోట్లసార్లు అటూ ఇటూ తిప్పడానికి లాగుతాయి, ఆ కుస్తీలో వేడి పుడుతుంది. ఇంకా లోపలికి ఆ వేడి మామూలుగా పాకుతూ వెళ్ళాల్సిందే, పొయ్యి మీద లాగే. అందుకే లోతు గిన్నెలో పప్పు నిండా పెట్టి రెండు నిమిషాలు తిప్పితే పైన పొగలు, మధ్యలో ఫ్రిజ్ చల్లదనం.

దానికి తోడు ఇంకో గోల. లోపల గోడలకి తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒకదాంతో ఒకటి కలిసి కొన్ని చోట్ల బలంగా, కొన్ని చోట్ల దాదాపు సున్నాగా తయారవుతాయి. కావాలంటే ఇంట్లో చూడొచ్చు: తిరిగే గాజు పళ్ళెం తీసేసి, తిరగకుండా మామూలు పింగాణీ ప్లేటు బోర్లించి, దానిమీద మినప్పప్పు అప్పడాలు పచ్చివి పరిచి, ఓ అరనిమిషం లోపు పెట్టండి, దగ్గరుండి చూస్తూ. కొన్ని చోట్ల తెల్లగా పొంగుతాయి, పక్కనే పచ్చిగా ఉంటాయి. లెక్క ప్రకారం ఆ పొంగిన మచ్చల మధ్య దూరం 6 సెంటీమీటర్ల దగ్గర్లో ఉండాలి, తరంగం పొడవులో సగం. నాకు అచ్చంగా అలా రాలేదు, ఒక వైపు మాడింది కూడా, కానీ మచ్చలు మచ్చలుగా మాత్రం భలే తెలుస్తుంది. తిరిగే పళ్ళెం పెట్టింది ఈ తేడా తగ్గించడానికే, పూర్తిగా పోదు.

అందుకని మధ్యలో ఒకసారి ఆపి కలపాలి. అన్నం, కూర గిన్నె మధ్యలో కుప్పగా పోయకుండా వెడల్పుగా పరిచి నడుమ గుంట చేస్తే ఇంకా నయం. పైన మూత వదులుగా పెట్టి, రెండు చెంచాల నీళ్ళు చిలకరిస్తే ఆవిరి పట్టి అన్నం బిరుసెక్కదు. టింగ్ మన్నాక ఓ నిమిషం రెండు నిమిషాలు అలాగే వదిలేయాలి, వేడి లోపలికి సర్దుకుంటుంది. పెద్దమ్మ ఆగే నిమిషానికి లాభం ఇదే, కారణం తప్పైనా పని కరెక్టు! చంటిపిల్లల పాలు మాత్రం ఇందులో వద్దు. సీసా బయట గోరువెచ్చగా ఉంటుంది, లోపల ఒకచోట నోరు కాలేంత వేడి ఉంటుంది. వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి వెచ్చబెట్టుకోవడమే మంచిది.

ఇక అన్నం. నన్నడిగితే మన ఇళ్ళల్లో ఓవెన్‌తో ముడిపడ్డ అసలు ప్రమాదం ఇదే, దీని గురించే ఎవరూ మాట్లాడరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది, అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గది వేడిలో గంటలు గంటలు ఉంటే, అదీ మన ఎండాకాలంలో, ఆ విత్తనాలు మొలకెత్తి పెరిగి ఒక విషాన్ని వదుల్తాయి. మెలిక ఏంటంటే ఆ బ్యాక్టీరియాని వేడితో చంపొచ్చుగానీ ఆ విషాన్ని కాదు, 121 డిగ్రీల్లో గంటసేపు ఉడికించినా అది చెక్కు చెదరదు. మరి ఓవెన్‌లో రెండు నిమిషాలు ఏ మూలకి? వాసనా రాదు, రుచీ మారదు. తిన్నాక అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు. అప్పుడు మనం ఏమంటాం, "నిన్నటి బిర్యానీ ఓవెన్‌లో పెట్టి తిన్నా, ఆ రేడియేషన్ పడలేదు" అంటాం. ఓవెన్ మీద నింద వేసినవాళ్ళలో ఎంతమంది నిజంగా టేబుల్ మీద రాత్రంతా ఉన్న అన్నం బాధితులో!

మరి చద్దన్నం తిని పెరగలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. చద్దన్నం లెక్క వేరు, నీళ్ళో మజ్జిగో పోసి పులియబెడతారు, ఆ పులుపు వేరే మంచి బ్యాక్టీరియాది, పులుపులో చెడ్డవి అంత సులువుగా పెరగవు. కుక్కర్‌లో మూతపెట్టి వదిలేసిన ఉత్త అన్నానికి ఆ రక్షణ లేదు. కాబట్టి మిగిలింది గంట, మహా అయితే రెండు గంటల్లో పల్చగా డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లోకి తోసేయాలి, ఒకట్రెండు రోజుల్లో తినేయాలి, తినే ముందు పొగలు కక్కేదాకా, అంటే లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేయాలి, వేడి చేసింది మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ తీసి అలా తిప్పకూడదు. చికెన్ డీఫ్రాస్ట్ చేసినా ఇంతే. ఐసు మైక్రోవేవ్‌ని పెద్దగా పీల్చుకోదు, కరిగిన నీళ్ళు మాత్రం ఆబగా పీల్చుకుంటాయి, అందుకే అంచులు ఉడికిపోతుంటే మధ్యలో రాయిలా ఉంటుంది, డీఫ్రాస్ట్ మోడ్‌లో ఆగి ఆగి చేయాలి. మామూలు ఓవెన్లలో ఆ తక్కువ పవర్ అంటే నిజంగా మంట తగ్గినట్టు కాదు, కాసేపు ఆన్ కాసేపు ఆఫ్, చెవి పెడితే ఆ గుయ్ మనే శబ్దం మారుతూ వినిపిస్తుంది. కరిగిన చికెన్ వెంటనే వండేయాలి, సాయంత్రానికి అని పక్కన పెట్టకూడదు.

డబ్బాల సంగతి. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన సాంబారు కవరు ముడి విప్పకుండా అలాగే ఓవెన్‌లో పడేసినవాళ్ళని చూశాను, దారం సహా. ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో 5 అని ఉంటే అది పాలీప్రొపిలీన్, వేడికి కాస్త తట్టుకుంటుంది. 6 ఉంటే పాలీస్టైరీన్, థర్మోకోల్ కప్పులు ఆ జాతే, అస్సలు వద్దు. మెలమైన్ ప్లేట్లు, పెళ్ళిళ్ళ బఫేల్లో వాడేవి, అవీ వద్దు. ఇక్కడ మెలిక ఏంటంటే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి కానీ నూనె ఆగదు. పప్పు పెట్టినప్పుడు తట్టుకున్న డబ్బాలోనే నూనె తేలిన గుత్తివంకాయ పెడితే లోపలి గోడ మీద గరుకుగా మచ్చలు పడతాయి, ఎర్ర గీత కడిగినా పోదు. ఆ గరుకుతనం అంటే ప్లాస్టిక్ కూరలోకి వెళ్ళిందనే. మైక్రోవేవ్ సేఫ్ అని రాసుంటే ఏంటి అర్థం? కరగదు, వంకర పోదు అని ముఖ్యంగా, అంతేగానీ ఏమీ కలవదు అని కాదు. 2023లో అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళు పసిపిల్లల ఆహారం డబ్బాల్ని మూడు నిమిషాలు మైక్రోవేవ్ చేసి చూస్తే కొన్నిట్లో ఒక్క చదరపు సెంటీమీటరు నుంచే 40 లక్షల దాకా మైక్రో రేణువులు, 200 కోట్ల దాకా ఇంకా చిన్న నానో రేణువులు వచ్చాయి. అవి ఒంట్లోకెళ్ళి ఎంత చెడుపు చేస్తాయన్నది ఇంకా తేలని విషయమే. నేనైతే తేలేదాకా ఆగను, గాజు గిన్నెలోకి మార్చుకోవడానికి పట్టేది పది సెకన్లు.

పింగాణీ గిన్నె పనికొస్తుందో లేదో డౌటుంటే ఖాళీ గిన్నె పక్కన ఒక గ్లాసు నీళ్ళు కూడా పెట్టి నిమిషం తిప్పండి. నీళ్ళు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే మంచిది, గిన్నె కాలుతుంటే వద్దు. గాజుదైనా కాలుతున్నది తీసి తడి గట్టు మీద పెడితే టప్పుమంటుంది, జాగ్రత్త.

స్టీలు పెడితే పేలిపోతుందా? బాంబులా పేలదు. లోహం తరంగాల్ని వెనక్కి కొడుతుంది కాబట్టి స్టీలు గిన్నెలో కూరకి పక్కలనుంచి ఏమీ అందదు, పైనుంచే అరకొరగా వేడెక్కుతుంది, గిన్నె గోడకి తగిలినా దగ్గరగా ఉన్నా నిప్పురవ్వలు లేస్తాయి. సన్నటివి, మొనదేలినవి ఇంకా మోసం, ఫోర్కు, అల్యూమినియం ఫాయిల్ నలిగిన అంచులు, పార్సిల్ కవరుకి కొట్టిన స్టేపుల్ పిన్ను, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన బంగారు అంచు కప్పులు. ఆ అంచులో ఉన్నది కూడా లోహమే, చిటపటలాడుతూ నల్లబడుతుంది. కన్వెక్షన్ ఓవెన్, అంటే వేడి గాలితో కూడా వండే రకం ఉన్నవాళ్ళకి ఇంకో తికమక, గ్రిల్, కన్వెక్షన్ మోడ్‌లలో అది మామూలు బట్టీ లాంటిది, అందులో లోహపు ట్రే పర్లేదు, ప్లాస్టిక్ కరిగి ముద్దవుతుంది. మైక్రోవేవ్ మోడ్‌లో తలకిందులు. మోడ్ చూసుకోకుండా మా తమ్ముడు కన్వెక్షన్‌లో ప్లాస్టిక్ మూత పెట్టేశాడు, వారం రోజులు ఇల్లంతా ఆ కంపే.

పేలేవి వేరే ఉన్నాయి. గుడ్డు మొదటిది. పెంకుతో పెట్టకూడదని అందరికీ తెలుసు, పెంకు తీసిన ఉడకబెట్టిన గుడ్డు కూడా పేలుతుందని నాకు తెలీదు. 40 సెకన్లు పెట్టా, బుద్ధిగా ఉంది, తీసి ప్లేట్లో పెట్టి ఫోర్కుతో గుచ్చా, అంతే, ఫట్‌మని గోడ మీద, కళ్ళజోడు మీద సొన. పచ్చసొనలో నీరు ఆవిరయ్యే వేడికి చేరి బయటికి దారిలేక ఉన్నదాన్ని నేనే పొడిచా. కళ్ళజోడు లేకపోతే ఏమయ్యేదో. వంకాయ, బంగాళదుంప, టమాటా, తొక్క ఉన్నవన్నీ నాలుగైదు చోట్ల పొడిచి పెట్టాలి, కోసుకుంటే ఇంకా మంచిది.

రెండోది ఉత్త నీళ్ళు, నమ్మరుగానీ. పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటే గిన్నె అడుగున బుడగలు లేస్తాయి, గీతలూ గరుకూ ఉన్నచోట పుడతాయవి. నున్నటి గాజు కప్పులో ఓవెన్‌లో పెట్టినప్పుడు బుడగ పుట్టే చోటు లేక నీళ్ళు 100 డిగ్రీలు దాటి కూడా కదలకుండా ఉండొచ్చు, ముఖ్యంగా ఒకసారి కాచి చల్లారినవి మళ్ళీ పెడితే. బయటికి తీసి కాఫీ పొడి వేయగానే ఒక్కసారిగా ఎగిసి చేతుల మీదా మొహం మీదా పడతాయి. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరిక పెట్టింది. పొడి ముందే వేసేయడం, కప్పులో చెక్క పుల్ల ఒకటి ఉంచడం, అవసరానికి మించి టైమ్ పెట్టకపోవడం, తీసేముందు అరనిమిషం ఆగడం, ఇంతే పని. నూనె కాచి పోపు పెట్టడం, అప్పాలు వేయించడం లాంటివి ఇందులో పెట్టుకోకండి, వేడి ఎంత ఎక్కిందో తెలిసే దారుండదు. ఎండుమిర్చి వేయిస్తే ఒకవేళ మాడకపోయినా తలుపు తీసినప్పుడు వచ్చే ఘాటుకి ఇల్లు ఖాళీ చేయాలి.

చివరగా కరెంటు. ఓవెన్ మీద 800 వాట్లు అని రాసుంటే అది కూరకి ఇచ్చేది, గోడ నుంచి లాగేది 1200 పైమాటే, 230 వోల్టుల దగ్గర 5, 6 ఆంపియర్లు. కన్వెక్షన్‌ది 2000 వాట్లు దాటితే 9, 10 ఆంపియర్లకి పోతుంది. చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, పెద్దది 16. కాబట్టి ఓవెన్‌కి ఎర్త్ ఉన్న పెద్ద పవర్ సాకెట్ విడిగా ఉండాలి, ఫ్రిజ్‌తో కలిపి ఎక్స్‌టెన్షన్ బాక్స్ అంటే వైరు లోలోపల కాగుతూ ఉంటుంది, ఏదో ఒకరోజు ప్లగ్ నల్లబడి వాసనొస్తుంది. వెనకా పక్కలా గాలి ఆడే ఖాళీ వదలాలి, పైన న్యూస్‌పేపర్లు పేర్చకూడదు. లోపల ఏదైనా అంటుకుంటే తలుపు తీయకండి, గాలి తగిలి మంట పెరుగుతుంది, స్విచ్ ఆపి మూసే ఉంచితే దానంతట అదే చస్తుంది. ఖాళీగా ఆన్ చేయడం కూడా వద్దు, పీల్చుకునేది లేక తరంగాలు తిరిగి మాగ్నెట్రాన్ మీదికే పోతాయి. ఇంట్లో బటన్లు నొక్కే పిల్లలుంటే లోపల ఎప్పుడూ ఓ గ్లాసు నీళ్ళు ఉంచడం మంచి ఉపాయం.

యూట్యూబ్ చూసి ఓవెన్ బయటి కవర్ స్క్రూలు విప్పడం మాత్రం ఎవరూ చేయకండి, ప్రాణం మీదికి తెచ్చే విషయం ఇది. గోడలో 230 వోల్టులుంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 2000 పైకి తీసుకెళ్తుంది, కరెంటుని నిల్వ చేసే కెపాసిటర్ అనే భాగం ఆ చార్జిని ప్లగ్ పీకేశాక కూడా పట్టుకుని కూర్చోవచ్చు. ప్లగ్ తీశాం కదా అనే ధైర్యం మిక్సీ దగ్గర పనికొస్తుంది, ఇక్కడ కాదు. మీరు చేసుకోగలిగిన రిపేరు ఒకటే ఉంది. లోపల కుడిపక్క గోడకి ఒక అట్టముక్క లాంటిది కనిపిస్తుంది చూడండి, దాన్ని అట్ట అనుకుని పీకి పారేసినవాళ్ళున్నారు. అది మైకా షీట్, అంటే అభ్రకం, మన గూడూరు గనులకి పేరు తెచ్చిన ఖనిజమే. తరంగాలు దాన్ని దాటిపోతాయి, నూనె తుంపర్లు దాటలేవు. దానిమీద జిడ్డు పేరుకుంటే ఆ జిడ్డు మాడి బొగ్గై అక్కడే నిప్పురవ్వలు లేస్తాయి, ఓవెన్ పాడైపోయిందని కంగారు పడతారు. పెద్దమ్మ ఓవెన్‌లో కూడా అదే జరిగింది, మెకానిక్ మాగ్నెట్రాన్ పోయింది కొత్తది కొనుక్కోమన్నాడట. ప్లగ్ తీసి, షీట్ ఊడదీసి, స్పేర్ పార్టుల షాపులో కొత్త మైకా ముక్క కొని, పాతదాని కొలతకి కత్తెరతో కత్తిరించి పెట్టాం. ఇప్పుడు బానే తిరుగుతోంది, పెద్ద సాకెట్ మీద.